మా శుక్రవారం డెమో క్లాసులు

ఎవరూ నేర్పని పని

నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న వీరన్న లెక్చరర్ ఇంటర్వ్యూ నుంచి తిరిగి వచ్చిన మధ్యాహ్నం నేను ల్యాబులో రాతి నమూనాలకు చీటీలు అతికిస్తున్నాను. అతను సంచి బల్ల మీద పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎట్లయింది?" అని అడిగాను.

"పది నిమిషాలు పాఠం చెప్పమన్నరు మేడం. మడత పర్వతాలు తీసుకున్న. బోర్డు మీద బొమ్మ మస్తు వచ్చింది. గీసి తిరిగి చూస్తే ఒకాయన ఫోన్ చూసుకుంటున్నడు, ఇంకొకాయన కిటికీలకెళ్లి బయటికి చూస్తున్నడు. నోరు తెరిచేసరికి టైం అయిపోయిందన్నరు."

నేను ఏదో ఓదార్పు మాట అన్నాను. అతను తలెత్తి నా వైపు చూశాడు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"ఐదేండ్ల సంది రాళ్లు పట్టుకొని తిరుగుతున్న మేడం. పాఠం చెప్పుడు ఎవలన్న నేర్పిండ్రా నాకు?"

ఈ వృత్తిలోకి రాబోయే పిల్లలకు నేను చెప్పగలిగింది ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. ముప్ఫయ్యేళ్లకు పైగా భూగర్భశాస్త్రం చెప్పాను. ఎప్పుడు రీడర్‌నయ్యానో, ఎప్పుడు ప్రొఫెసర్‌నయ్యానో, ఏ కమిటీల్లో కూర్చున్నానో మీకు అక్కరలేదు. గుర్తున్నది ఇది: పీహెచ్‌డీకి వచ్చిన పిల్లలకు మేం రాయిని పలచగా కోయడం, మైక్రోస్కోపులో చూడటం, పత్రిక కోసం వ్యాసం రాయడం అన్నీ నేర్పేవాళ్లం. చివరికి వాళ్లు చేయాలనుకుంటున్న ఉద్యోగం మాత్రం నేర్పేవాళ్లం కాదు. డాక్టరేటు చేతికొస్తే పాఠం దానంతట అదే వస్తుందని అనుకున్నాం. నాకు ఎలా వచ్చిందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

గుగులోతు వీరన్నది గూడూరు దగ్గర ఒక తండా. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. తెలుగు బడిలో నేర్చుకున్నాడు, ఇంగ్లీషు డిగ్రీలో. సిద్ధాంత గ్రంథం ఆ మూడో భాషలో రాస్తున్నాడు. జనగామ వైపు గ్రామాల్లో భూగర్భ జలాల మీద అతను చేస్తున్న పని మా శాఖలో అప్పటికి వచ్చినవాటిలో మంచిది. అలాంటివాడు పది నిమిషాలు నిలబడలేకపోయాడంటే లోపం అతనిది కాదు, మాది.

మరుసటి శుక్రవారం మూడు గంటలకు ల్యాబు ఖాళీ అయ్యాక ఆరుగురు పరిశోధక విద్యార్థులను కూర్చోబెట్టాను. ఒకరు పాఠం చెప్పాలి, మిగతావాళ్లు డిగ్రీ పిల్లల్లా వినాలి. నేను చివరి బెంచీలో కూర్చున్నాను. ఉద్యోగంలో చేరాక చివరి బెంచీలో కూర్చోవడం నాకు అదే మొదటిసారి. అక్కడినుంచి వింటే ఒక వింత సంగతి తెలిసింది. పాఠం చెప్పేవాళ్లు ప్రతి వాక్యం చివర గొంతు దించేస్తారు. తెలుగులో క్రియ ఉండేదే చివర. అంటే వెనక కూర్చున్నవాడికి రాయి గురించి వినబడుతుంది గాని, ఆ రాయి కరిగిందో విరిగిందో వినబడదు. నేనూ అలాగే చెబుతున్నానని వాళ్లే నాకు చూపించారు. అన్నేళ్లుగా ఎన్ని రాళ్లను సగంలో వదిలేశానో అనుకున్నాను.

నేను నేర్పిన తప్పు

గొంతు, బోర్డు, టైము నేర్పాను. అవి సరైనవే. వాటితో పాటు ఒక తప్పు కూడా నేర్పాను. దాని గురించే ఎక్కువ రాయాలి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా శాఖాధిపతి నన్ను గదిలోకి పిలిచారు. మంచి మనిషి, కోస్తా నుంచి వచ్చిన పెద్దాయన.

"చూడమ్మా, క్లాసులో అందరూ మగపిల్లలే. నువ్వు ఒక్కసారి 'తెలియదు' అన్నావంటే ఆ క్లాసు ఇక నీ చేతిలో ఉండదు. తెలియనిది అడిగితే తెలిసినదాంతో జవాబు చెప్పు. గట్టిగా చెప్పు. ఇంకోటి, ఆ 'ఎట్ల', 'గట్ల' ఇంట్లో వదిలేసి రా."

నేను జనగామ పిల్లను. రెండో మాటకు మనసు చివుక్కుమంది. మొదటి మాటకు మాత్రం కృతజ్ఞత కలిగింది. అది పనిచేసింది కూడా. ఎవరు ఏం అడిగినా నా దగ్గర జవాబు ఉండేది. ఇరవయ్యేళ్ల తర్వాత అదే మాటను శుక్రవారం క్లాసులో నియమంగా పెట్టాను. "బోర్డు ముందట నిలబడ్డంక మీకు తెల్వనిది ఉండొద్దు," అని చెప్పాను. అందరూ నోటుబుక్కుల మీదికి తలలు వంచారు.

పదింటి దాకా

అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. విశ్వవిద్యాలయం తెరిచిన రోజులకంటే మూసిన రోజులు ఎక్కువయ్యాయి. హాస్టల్ మెస్సులు మూతపడ్డాయి. పిల్లలు సంచులు సర్దుకొని ఊళ్లకు వెళ్లిపోతున్నారు. శుక్రవారం క్లాసు ఆగిపోతుందని నాకు దిగులు పట్టుకుంది.

జనగామ, భూపాలపల్లి, మానుకోట అని మేం పిలుచుకునే మహబూబాబాద్, ఈ మూడు చోట్లా డిగ్రీ కాలేజీల్లో పోస్టులు ఖాళీగా ఉన్నాయి. ప్రిన్సిపాళ్లకు ఉత్తరాలు రాశాను. "జీతం అక్కర్లేదు, మా పిల్లలకు క్లాసు ఇవ్వండి చాలు," అన్నాను. ముగ్గురూ వెంటనే ఒప్పుకున్నారు. ఎవరి ఊరికి ఏది దగ్గరో చూసి పంచుకున్నాం. వీరన్న మాత్రం జనగామ కావాలన్నాడు, తన పరిశోధన అక్కడే కాబట్టి.

మొదటి రోజు అతనితో పాటు నేనూ వెళ్లాను. కాలేజీ గేటు ముందు దీక్షా శిబిరం ఉంది. టెంటు కింద కూర్చున్న ఒక విద్యార్థి నాయకుడు లేచి వచ్చి మాకు అడ్డం నిలబడ్డాడు.

"మేడం, మేం గీడ ఎండల కూసుంటే మీరు లోపల పాఠాలు చెప్పుకుంటరా? గిది న్యాయమేనా?"

"రాష్ట్రం వస్తే మన కొలువులు మనకొస్తయి అంటున్నరు గదా?" అన్నాను.

"అంటున్నం. వస్తయి."

"వచ్చిన్నాడు పాఠం చెప్పేటోడు తయారుండాలె గదా?"

అతను వీరన్నను కింది నుంచి పై దాకా చూశాడు. "సరే. పొద్దుగాల ఎనిమిదింటి నుంచి పదింటి దాక చెప్పుకోండ్రి. పది దాటినంక సారును మాకియ్యిండ్రి," అన్నాడు.

అలా వీరన్న పదింటి దాకా లోపల పాఠం చెప్పి, తర్వాత బయట టెంటు కింద కూర్చునేవాడు. అతని క్లాసు పిల్లలు సగం మంది వెంట వచ్చి అక్కడే కూర్చునేవారు. పాఠంలో అర్థం కానివి అక్కడ అడిగేవారు. క్లాసులో నోరు విప్పని పిల్లలు టెంటు కింద ఎందుకు అడుగుతున్నారని నేను చాలా రోజులు ఆలోచించాను. క్లాసులో వీరన్న నాలాగే పుస్తకాల తెలుగు మాట్లాడేవాడు. టెంటు కింద పిల్లల తెలుగు మాట్లాడేవాడు. బెంచీలు లేకపోవడం, భాష మారడం, ఈ రెండిటిలో ఏది ఎక్కువ పనిచేసిందో నేను తేల్చుకోలేదు.

బాపు రోజూ దిగేచోటు

భూపాలపల్లికి కవిత వెళ్లేది. టేకుమట్ల పిల్ల, నెమ్మదిగా మాట్లాడుతుంది. గట్టిగా మాట్లాడమని ప్రతి శుక్రవారం చెప్పి చెప్పి నేనే అలసిపోయాను.

నేను వెళ్లిన రోజు ఆమె బొగ్గు పొరల గురించి చెబుతోంది. రెండో వరసలోంచి ఒక అబ్బాయి లేచాడు.

"మేడం, మీరు పొరలు సక్కగ గీసిండ్రు. గట్లుండయి. మా బాపు చెప్తడు, ఒక్కోకాడ పొర ఉన్నట్టుండి తెగిపోతదట. అవతలికి నాలుగు మనుసుల లోతు కిందికి పోయి మళ్ల దొరుకుతదట."

ఆ అబ్బాయి తండ్రి గనిలో భూమి కింద పనిచేసే కార్మికుడు. కవిత సుద్దముక్క అతని చేతికిచ్చింది. "ఎట్ల తెగుతదో గీసి చూపియ్యి," అంది. ఆ అబ్బాయి గీశాడు. ఇంకొకడు లేచి కాదు, మా బాపు చెప్పేది ఇట్ల, అని పక్కన ఇంకోటి గీశాడు. అరగంట సేపు బోర్డు దగ్గర పిల్లలే ఉన్నారు. కవిత పక్కన నిలబడి, అవసరమైనప్పుడు ఒక పేరు చెప్పేది. దీన్ని భ్రంశం అంటారు, దీన్ని వాలు అంటారు అని.

బయటికి వచ్చాక నేను మందలించాను. "క్లాసును వాళ్ల చేతికిచ్చేసినవ్ కవితా. ఇంటర్వ్యూల ఇట్ల చేస్తే నీకేం రాదనుకుంటరు."

"వాళ్ల బాపు రోజు దిగుతడు మేడం. నేను ఒక్కసారి గూడ దిగలే. ఆడపిల్లనని పైనుంచే చూపించి పంపిండ్రు. తెలిసినట్టు ఎట్ల చెప్పాలె?" అంది.

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. నోటుబుక్కులో 'క్లాసు మీద పట్టు లేదు' అని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. ఎక్కడానికి నాకు బచ్చన్నపేట కావలసి వచ్చింది.

నల్లరాయి వరస

జనగామ క్లాసులో స్వరూప అనే అమ్మాయి ఉండేది. బచ్చన్నపేట మండలంలో పత్తి పండించే మల్లయ్య కూతురు. ఒకరోజు భూగర్భ జలాల పాఠం అయ్యాక లేచి అడిగింది.

"సార్, మా చెల్కల యాడ బోరేస్తే నీళ్లు పడ్తయి?"

వీరన్న ఆదివారం వెళ్లాడు. ఆ నేలలో గ్రానైటును నిలువుగా చీల్చుకొని నల్లరాయి గోడలా పైకి వచ్చిన వరసలు ఉంటాయి. వాలు వెంట పారే భూగర్భ జలానికి ఆ గోడ అడ్డం పడితే ఎగువ పక్క నీళ్లు నిలుస్తాయని పుస్తకంలో ఉంటుంది. మల్లయ్య చేనులో అలాంటి వరస కనబడుతోంది. అది నిజంగా నీటిని ఆపుతోందో లేదో చూడాలంటే నేలలోకి కరెంటు పంపి కొలిచే పరికరం కావాలి. అది మా ల్యాబులో ఉంది. ల్యాబుకు తాళం పడి ఉంది.

వీరన్న ఫోన్ చేశాడు. "మేడం, మెషిన్ లేకుండ చెప్పొచ్చా?"

"నల్లరాయి కనబడుతున్నదా?"

"సాపుగ కనబడుతున్నది."

"వాలు ఎటు?"

"తూర్పుకు."

"ఇంకేంది మరి? పడమర దిక్కు చూపియ్యి. అనుమానంగ మాట్లాడకు. రైతు ముందట నీళ్లు నమిలితే ఇంక నిన్ను నమ్మరు."

ఆ ఫోన్ అరనిమిషం కూడా సాగలేదు.

ఆ ఊళ్లో కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకొని నడిచి నీళ్లు చూసే ఒకాయన ఉన్నాడు. మల్లయ్య ఆయనను కాదని కాలేజీ సారును నమ్మాడు. ఎడ్ల జతను అమ్మి బోరు బండిని పిలిపించాడు. రోజంతా వేసినా దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. తడి మట్టి వాసన కూడా రాలేదని వీరన్న తర్వాత చెప్పాడు.

మరుసటి వారం స్వరూప క్లాసుకు రాలేదు. ఆ పై వారం కూడా రాలేదు. తల్లితో కలిసి వేరేవాళ్ల చేన్లలో పత్తి ఏరడానికి పోతోందని తోటి పిల్లలు చెప్పారు. వీరన్న నాకు ఫోన్ చేసి ఇక పాఠం చెప్పనన్నాడు. "ఆ పిల్ల కూసునే బెంచి దిక్కు చూడలేకపోతున్న మేడం."

నేను జనగామ వెళ్లి అతన్ని ఆటోలో ఎక్కించుకొని ఆ ఊరికి బయలుదేరాను.

మల్లయ్య కేకలు వేస్తాడనుకున్నాను. ఆయన మంచం వాల్చి కూర్చోమన్నాడు. ఆయన భార్య చెంబుతో మంచినీళ్లు తెచ్చింది. ఆ చెంబు అందుకోవడం నాకు కష్టమైంది.

"సారూ, నీళ్లు పడలే. పడకపాయె. నా నసీబు అనుకుంట," అన్నాడు మల్లయ్య. "గని ఎందుకు పడలేదో చెప్పు. నువ్వు సదువుకున్నోనివి. నాకు గది తెల్వాలె."

వీరన్న నా వైపు చూశాడు. పెద్ద మాటలతో ఒక జవాబు అతని నోటి దాకా వచ్చిందని నాకు తెలుసు. అలా తెచ్చుకోవడం నేర్పింది నేనే. అతను దాన్ని పక్కన పెట్టాడు.

"తెల్వదు బాపూ," అన్నాడు చివరికి. "ఆ దినం గూడ తెల్వదు. తెలిసినట్టు చెప్పిన."

"చెప్పమన్నది నేను," అన్నాను. ఆ వాక్యం చివర నా గొంతు దిగకుండా చూసుకోవలసి వచ్చింది.

"తెల్వదని అప్పుడే అంటే అయిపోతుండె గద సారూ. జర ఆగి, ఇంకో నలుగురిని అడుగుదును. ఎడ్లు ఉండేటియి," అన్నాడు మల్లయ్య. తర్వాత లేచి, "రాండ్రి, ఒకటి చూపిస్త," అని నడిచాడు.

చేను మూలన ఆయన తండ్రి తవ్విన పాత బావి ఉంది. దిగుడు మెట్ల మీద నిలబడి గోడ చూపించాడు. నల్లరాయి వరస బావి గోడలోంచి పోతోంది. పైన నల్లగా గట్టిగా కనబడిన ఆ రాయి లోపల పగుళ్లు బారి, మట్టిగడ్డల్లా ఉంది. మల్లయ్య చేత్తో లాగితే ఒక ముక్క ఊడి వచ్చింది.

"మా నాయిన తవ్విన్నాడు గిది గడ్డపారకే ఊడొచ్చిందట. ఇంకోటి సారూ, తూర్పు దిక్కోళ్లు మోటరు పెడితే మా బాయిల నీళ్లు దిగుతయి."

వీరన్న మెట్టు మీదే కూర్చుండిపోయాడు. గోడ అనుకున్నది జల్లెడ. నీళ్లు పడమర నిలవడం లేదు, పగుళ్లలోంచి తూర్పుకు పోతున్నాయి.

"ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు బాపూ?"

"నువ్వు అడగలేదు గద సారూ," అన్నాడు మల్లయ్య.

తాడూ రాయీ

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వీరన్నే మాట్లాడాడు. ఆ ఊళ్లో నల్లరాయి ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ పగిలి ఉంది, ఎవరి బావిలో నీళ్లు ఎప్పుడు దిగుతాయి, ఇవన్నీ తెలుసుకోవాలన్నాడు. పరికరం లేకపోయినా తాడుకు రాయి కట్టి బావులు కొలవొచ్చన్నాడు. నేర్పడం మానేస్తానన్నవాడు కొత్త పని వెతుక్కుంటున్నాడు. అపరాధభావం కంటే కుతూహలం అతన్ని నిలబెట్టిందని నాకు అనిపిస్తుంది. ఈ వృత్తిలో ఎక్కువకాలం నిలిచినవాళ్లందరిలో నేను చూసింది అదే.

మరుసటి శనివారం వీరన్న మల్లయ్య ఇంటికి వెళ్లి అడిగాడు. "బాయిలు కొలవాలె బాపూ. తాడు పట్టేటోళ్లు కావాలె. మీ బిడ్డను పంపు."

మల్లయ్య వెంటనే ఒప్పుకోలేదు. పత్తి ఏరడం అయ్యాక పంపాడు. క్లాసు పిల్లలు పదిమంది వచ్చారు. స్వరూప తాడు పట్టుకోవడానికి వచ్చి, రెండో శనివారానికి అందరినీ నడిపించసాగింది. ఎవరి బావి ఎప్పుడు తవ్వారో, ఏ బావిలో ఎండాకాలం ముందే నీళ్లు పోతాయో ఆ పిల్లకు నోటికొచ్చు. నోటుబుక్కు రాసే పని ఆమెకే వచ్చింది. నెలరోజుల్లో ఆ ఊరి నల్లరాయి పటం తయారైంది. వీరన్న సిద్ధాంత గ్రంథంలో అన్నిటికంటే మంచి అధ్యాయం అదే. అందులో మొదటి వాక్యం ఎండిపోయిన ఒక బోరు గురించి.

మల్లయ్యకు నీళ్లు దొరికాయని రాయగలిగితే బాగుండేది. దొరకలేదు. పటం చూశాక పొరుగు రైతులు ఇద్దరు బోరు వేయడం మానుకున్నారు. స్వరూప తిరిగి క్లాసుకు వచ్చి డిగ్రీ పూర్తి చేసింది. ఎడ్లు మాత్రం తిరిగి రాలేదు. మేం ఎంత నేర్చుకున్నామన్నది వేరే సంగతి, దానికి ఎవరు నష్టపోయారన్నది వేరే సంగతి. ఈ రెండిటినీ కలిపి తీయగా చెప్పే ఉపాధ్యాయులను నమ్మకండి.

శుక్రవారం క్లాసులో నా నియమాన్ని నేనే కొట్టేశాను. తెలియకపోతే తెలియదనండి అని చెప్పాను. కవితకు కూడా క్షమాపణ చెప్పాను. ఆమె నవ్వి, "పరవాలేదు మేడం, నేనా నియమం నోటుబుక్కుల రాసుకోలే," అంది.

మానుకోట ప్లాట్‌ఫాం మీద

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు.

కొన్నాళ్లకు వీరన్నకు ఇంకో ఇంటర్వ్యూ వచ్చింది. అది అయిన మరునాడు మానుకోట స్టేషన్‌లో కలిశాడు. అక్కడ మా విద్యార్థి ఒకరి క్లాసు చూసి నేను తిరిగి వెళ్తున్నాను. రైల్ రోకో వల్ల రైలు కదలడం లేదు. పట్టాల మీద జనం కూర్చొని ఉన్నారు.

"పోయింది మేడం," అన్నాడు వీరన్న. "ఒక రాయి ఫోటో చూపించి గిదేం రాయి అన్నరు. ఫోటో చూసి చెప్పుడు కష్టం. తెల్వదన్న. 'డాక్టరేటు చేసి రాయి పేరు తెలియదంటావా' అని నవ్విండ్రు. మీరే గదా తెల్వకుంటే తెల్వదనమన్నరు?"

"అన్నంక ఏం చేసినవ్?"

"ఏం చేస్త? చేతులు కట్టుకొని నిలబడ్డ."

నాకు ఆ క్షణంలో అర్థమైంది. సగమే నేర్పాను. మల్లయ్య ముందు 'తెల్వదు' అన్నాక వీరన్న బావి మెట్లు దిగాడు, చూశాడు, అడిగాడు. ఇంటర్వ్యూలో ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. విన్నవాళ్లకు అది తలుపు వేసినట్టు వినబడింది.

రైలు రెండు గంటలు కదలలేదు. బెంచీ మీద కూర్చొని ఇద్దరం దాన్నే సాధన చేశాం. పట్టాల పక్కన పోసిన కంకర ముక్కను దూరం నుంచి చూపించి అడిగేదాన్ని. రంగు చెప్పు. గింజలు కంటికి కనబడుతున్నాయా చెప్పు. ఏ రాయి కాదో చెప్పు. చేతికిస్తే ఏ పరీక్ష చేస్తావో చెప్పు. ఎక్కడి దాకా తెలుసో అక్కడి దాకా నడిచి, అక్కడ ఆగి, అవతలికి ఎలా పోతావో చూపించు. పక్కన కూర్చున్న ఒక అవ్వ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "కంకరకు గంత కథున్నదా బిడ్డా?" అంది. వీరన్న ఆమెకు కూడా చెప్పాడు. నాకు చెప్పినదానికంటే బాగా చెప్పాడు.

అంతా అయ్యాక మెల్లగా అన్నాడు. "గిది ముందే చెప్తే అయిపోతుండె గద మేడం."

మల్లయ్య మాట. ఈసారి అది నాకు.

రాష్ట్రం వచ్చాక

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మా శాఖలో ఏడవనివాళ్లు లేరు. గులాలు చల్లుకున్నాం, మిఠాయిలు పంచుకున్నాం. కొలువులు మాత్రం ఆ వారంలో రాలేదు, ఆ ఏడాదీ రాలేదు. వీరన్న మానుకోటలో పార్ట్‌టైం చెప్పుకుంటూ ఎదురుచూశాడు. కవితకు భూపాలపల్లిలోనే ఒక ప్రైవేటు కాలేజీలో స్థిరమైన ఉద్యోగం దొరికింది. తండాకు వెళ్లిన ప్రతిసారీ వీరన్నను అందరూ ఒకటే అడిగేవారట, కొలువెప్పుడని. ఒక దశలో అతను వేరే శాఖల పరీక్షలకు చదవసాగాడు. నేను వద్దనలేదు. మీకూ అదే చెబుతున్నాను. బోధన మీద ప్రేమ ఉందని ఇల్లు గడవని ఏళ్లను లెక్కలేకుండా ఇచ్చేయకండి. ఇంకో దారి తెరిచి పెట్టుకోవడం ద్రోహం కాదు.

ఇంకో మాట కూడా నిష్కర్షగా చెప్పాలి. మా తరం గైడ్లలో చాలామందిమి పిల్లల చేత రైలు టికెట్లు తెప్పించుకున్నాం, సంచులు మోయించుకున్నాం. అదీ శిక్షణలో భాగమన్నట్టు నటించాం. నేనూ చేశాను. మీ గైడు మీ పాఠాన్ని చివరి బెంచీలో కూర్చొని ఒక్కసారైనా విన్నాడా అని అడగండి. వినకపోతే రమ్మని మీరే పిలవండి. కొన్ని ఇంటర్వ్యూల్లో ఎవరికివ్వాలో ముందే తేలిపోయి ఉంటుంది. వాటికి ఏ సాధనా పనికిరాదు. కానీ లోపలికి వెళ్లేటప్పుడు ఇది అలాంటిదో కాదో మీకు తెలియదు కాబట్టి, ప్రతిసారీ నిజమైనదనుకునే వెళ్లాలి.

నేను రిటైరైన ఏడాదే ఒక కాలేజీలో పోస్టు పడింది. వీరన్న వెళ్లాడు. సాయంత్రం ఫోన్ చేశాడు.

"డెమో ఇయ్యమన్నరు మేడం. బోర్డు దగ్గరికి పోలే. కిటికీలకెళ్లి వాళ్ల ప్రహరీ గోడ కనబడుతున్నది. రెండు రకాల రాళ్లతోని కట్టిండ్రు. ఒకటి రంగు మారింది, ఇంకోటి కొత్తగున్నట్టే ఉన్నది. సార్, ఒక్కసారి లేచి ఈ కిటికీ కాడికి వస్తరా, ఒకే వానకు ఈ రెండు రాళ్లు రెండు తీర్ల ఎందుకైనయో చూద్దాం అన్న."

"లేచిండ్రా?"

"నలుగురుంటే ముగ్గురు లేచిండ్రు."

"నాలుగో ఆయన?"

"పెద్ద మనిషి. కుర్చీల అట్లనే కూసున్నడు. కోపమొచ్చిందేమో అనుకున్న. జర చూస్తే ఆయన చెయ్యి మోకాలు మీద ఉన్నది. లేవాలని ఉన్నది గని లేవరాదు. నేను బయటికి ఉరికి, గోడకు ఆ రెండు రకాల రాళ్ల నుంచి ఊడిన రెండు పెంకులు తీసుకొచ్చి ఆయన అరచేతిల పెట్టిన. 'సార్, మీరు కళ్లు మూసుకొని ఈ రెండు రుద్ది చూడుండ్రి, వాళ్లు చూసి చెప్తరు, ఎవరిది సరైందో తేల్చుకుందాం' అన్న. ఆయన రుద్దుకుంట ఇరవై నిమిషాలు అడిగిండు మేడం. మిగతావాళ్లు టైం అయిపోయిందన్నా ఆపలే."

"చివరికి ఏమన్నరు?"

ఫోన్‌లో వెనక ఎవరో లంబాడీలో గట్టిగా మాట్లాడుతున్నారు, ఎవరో నవ్వుతున్నారు.

"సోమారం వచ్చి చేరమన్నరు మేడం. ఆ పెద్దాయన మాత్రం పెంకులు వాపస్ ఇయ్యలే. జేబుల ఏసుకొని పోయిండు."